ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో కారం, నెయ్యి, అల్లం వెల్లుల్లి ముద్ద బయట కొనకుండా సొంతంగా చేసుకోవడం కుదురుతుందా?

కుదురుతుంది. మేమిద్దరం ఉద్యోగస్తులమే. ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటారు. కొన్నేళ్లుగా మా ఇంట్లో ఇవేవీ కొనడం లేదు. అయితే కనిపించినవన్నీ ఇంట్లోనే చేయాలని పట్టుబడితే నెల తిరక్కుండానే విసుగొచ్చి మానేస్తారు. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: రోజూ కూరలో పడేది ఇంట్లో చేయాలి, ఎప్పుడో పండక్కి తినేది కొనుక్కోవచ్చు. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి చూడ్డానికి చిటికెడే, చెంచాడే. కానీ అవి రెండు పూటలా పిల్లల కడుపులోకి వెళ్తాయి.

అల్లం వెల్లుల్లి ముద్దతో మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో కల్తీ పేస్ట్ పట్టుబడిందన్న వార్త తరచుగా చూస్తూనే ఉన్నాం. మంచి ప్యాకెట్‌లో కూడా నిల్వ కోసం సిట్రిక్ యాసిడ్ లాంటివి కలుపుతారు, ఆ పులుపు కూరలో తెలిసిపోతుంది. వెల్లుల్లి రెబ్బల్ని కాసేపు గోరువెచ్చని నీళ్లలో వేస్తే పొట్టు సులువుగా వస్తుంది. తర్వాత తడి లేకుండా ఆరబెట్టాలి. అల్లం మట్టి పోయేదాకా కడిగి, చెంచాతో చెక్కు గీకేయాలి. నీళ్లు పోయకుండా ఉప్పు, కొంచెం పసుపు, నూనె వేసి రుబ్బితే గాజు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో వాడేయాలి. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టుకోండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, నూనె పోశాం కదా అని దీన్ని బయట గట్టు మీద ఉంచకండి. గాలి తగలని నూనెలో వెల్లుల్లి ఉంటే బొటులినం అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగవచ్చు, అది వాసనకూ రుచికీ తెలియదు. ముద్ద కొన్నిసార్లు ఆకుపచ్చగా మారుతుంది, దానికి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. అది వెల్లుల్లిలోని గంధకపు పదార్థాల వల్ల వచ్చే రంగు.

ఇక కారం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగా వస్తుంది. మలక్‌పేట మార్కెట్‌లోనో, బేగంబజార్‌లోనో చూసి కొనుక్కోవచ్చు. మేం తేజ, చపాటా కలుపుతాం. ఘాటు తేజది, రంగు చపాటాది. చపాటా వరంగల్ వైపు మిర్చి, కాయ లావుగా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు వచ్చింది. చాలా ఎరుపు, తక్కువ కారం, అందుకే పిల్లలున్న ఇంటికి బాగా పనికొస్తుంది. పైగా రంగు కోసం ఎవరూ ఏ పొడీ కలపాల్సిన అవసరం ఉండదు.

మిర్చి టెర్రస్ మీద గలగలమనేదాకా ఎండాలి. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజల చప్పుడు వినిపించాలి, వేళ్లతో నొక్కితే టక్కున విరగాలి. కొంచెం మెత్తగా వంగినా ఇంకో ఎండ పెట్టాల్సిందే. తొడిమలు తీసేటప్పుడు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రోకళ్లతో దంచే మిషన్ ఉన్న గిర్ని దొరికితే అక్కడికే వెళ్లండి, కారం అంతగా వేడెక్కదు. మామూలు మిషన్‌లో పట్టిస్తే డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటుంది. ఇంటికి రాగానే మూత తీసి, పాత కాటన్ చీర మీద పల్చగా పరిచి, పూర్తిగా చల్లారాకే జాడీకి ఎత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, రంగు కూడా పోతుంది. ఇంత చేశాక పప్పు తాలింపులో ఆ కారం పడినప్పుడు వచ్చే వాసన ప్యాకెట్‌లో ఎక్కడా దొరకదు.

పసుపుకు నిజామాబాద్ కొమ్ములు తెచ్చి అదే గిర్నిలో పట్టిస్తాం. కొమ్ములు రాళ్లలా ఉంటాయి, ఇంట్లో మిక్సీలో వేయకండి. కల్తీ పసుపులో రంగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలుపుతారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి మిగతావి కుదరకపోయినా ఇదొక్కటి చేయమంటాను.

నెయ్యికి పాలు ఏవో చూసుకోవాలి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. టోన్డ్ పాలు కాచి మీగడ రావడం లేదని బాధపడితే లాభం లేదు. రోజూ మీగడ తీసి ఫ్రిజ్‌లో దాచి, నిండాక చెంచాడు పెరుగు వేసి తోడు పెట్టి, చల్లటి నీళ్లతో చిలికితే వెన్న పైకి తేలుతుంది.

పిల్లలు అడిగే చిరుతిళ్ల దగ్గర ఒక జాగ్రత్త. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించినప్పుడు, అయితే ఇంట్లోనే చేసుకుందాం అన్నవాళ్లను చూశాను. ఇంట్లో చేసినంత మాత్రాన పచ్చిగుడ్డు మంచిదైపోదు, పచ్చిగుడ్డులో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మన వంటింట్లోనూ ఉండగలదు. నేను పెరుగును గుడ్డలో మూటగట్టి ఫ్రిజ్‌లోనే రాత్రంతా వేలాడదీసి, గట్టిపడ్డాక వెల్లుల్లి, మిరియాలు, కొంచెం నూనె వేసి గిలకొడతాను. మా పిల్లలు సాండ్‌విచ్‌లలో ఇష్టంగా తింటారు.

సకినాలు, అప్పడాలు మేం కొంటాం. సకినం చుట్టడానికి నేర్పున్న చేతులు నాలుగైనా కావాలి. అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసు సెలవు ఒక్క రోజులో అది అయ్యే పని కాదు. ఊళ్లో చేసి అమ్మే ఆడవాళ్ల దగ్గర తీసుకుంటే వాళ్లకూ ఆదాయం.

డబ్బు బాగా మిగులుతుందా అంటే, పెద్దగా ఏం లేదు. మంచి మిర్చి ధర, గిర్ని కూలి, ఆటో ఖర్చు కలిపితే ప్యాకెట్‌కు దగ్గర్లోకే వస్తుంది. పొదుపు కోసమే అయితే నేను సలహా ఇవ్వను. ఏం తింటున్నామో తెలియడం కోసం అయితే తప్పకుండా ఇస్తాను.

అసలు కష్టం పని పంచుకోవడంలో ఉంది. ఆఫీసు నుంచి వచ్చిన ఇల్లాలి మీదే ఇవన్నీ పడేట్టయితే హాయిగా ప్యాకెట్ కొనుక్కోండి. మా ఇంట్లో వెల్లుల్లి ఒలిచే పని మా ఆయనది, టీవీలో మ్యాచ్ చూస్తూ ఒలిచేస్తారు. గిర్నికి వెళ్లేది కూడా ఆయనే. మిర్చి ఎండిందా లేదా చెప్పేది అత్తమ్మ, ఆ విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు. పిల్లలు సీసాల మీద తేదీ రాసి అంటిస్తారు. నాది రుబ్బడం, నెయ్యి కాచడం.

మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే ఈ ఆదివారం పావుకిలో వెల్లుల్లి, అంతే అల్లం తెచ్చుకోండి. అది అలవాటయ్యాక పసుపు పట్టించండి. మిర్చి మాత్రం మార్చిలో ఎండలు ముదిరాక కొనండి, మొదటి ఏడాదికి రెండు కిలోలు మించొద్దు.