పూత దశలో టమాటా ఆకులు తుంచవచ్చా?

పూత మొదలయ్యాక ఆకులు తీసేస్తే బలమంతా పూలకే పోతుందా అన్న ప్రశ్నకు, చాలావరకు కాదనే చెప్పాలి. కాయకు కావలసిన చక్కెరను తయారు చేసేది ఆకులే. ముఖ్యంగా పూగుత్తికి దగ్గరగా ఉన్న ఆకులు ఆ గుత్తిని పోషిస్తాయి కనుక, పచ్చగా ఆరోగ్యంగా ఉన్నంతవరకు వాటి జోలికి వెళ్లకూడదు.

అయితే నేలకు ఆనుకున్న ఆకుల విషయం వేరు. వాన పడినప్పుడో, నీళ్లు పోసినప్పుడో మట్టితో పాటు చిందిన శిలీంధ్రం మొదట వాటినే పట్టుకుంటుంది. ముదురు గోధుమ రంగు మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తే అది సాధారణంగా ఆకుమాడు తెగులే. అందుచేత మొదటి గుత్తికి దిగువన పసుపు బారిన, మచ్చలు పడిన, మట్టిని తాకే ఆకులను, తడి లేని పొద్దుటిపూట, ఒక్కోసారి రెండు మూడుకు మించకుండా తీసివేయవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పొగాకు వాడేవారైతే మరీను, ఎందుకంటే పొగాకులోనూ ఉండగల మొజాయిక్ వైరస్ (ఆకులపై లేత, ముదురు పచ్చ మచ్చలు తెచ్చే వైరస్) చేతుల ద్వారా కూడా ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటుకుంటుంది.

కర్రకు కట్టి పెంచే పొడవు రకాల్లో ఆకుకాడ మొదట్లో వచ్చే పిలకలను లేతగా ఉన్నప్పుడే గిల్లడం మేలు. గుబురుగా పెరిగే పొట్టి రకాల్లో అదీ అక్కర్లేదు. మన ఏప్రిల్, మే ఎండల్లో నీడ కోల్పోయిన కాయ ఎండ తగిలే వైపున తెల్లబారి, కాగితంలా పలచబడి పాడవుతుంది, కాబట్టి వేసవి పంటలో పైఆకులను అస్సలు ముట్టుకోవద్దు.