నార్వే తీరంలో ఒక్క పగలు చాలు

ప్రశ్న: మా అబ్బాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో నేనూ మావారూ అక్కడికి వెళ్తున్నాం. బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ దాకా తీరం వెంబడి నడిచే ఓడ గురించి విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. అయితే పాపికొండల లాంచీ తప్ప మేము మరో ఓడ ఎక్కి ఎరగం; మావారికి సముద్రమంటే భయం. రానూపోనూ పన్నెండు రోజులంటున్నారు, మాకున్నవి నాలుగే. ఆశ వదులుకోవలసిందేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వదులుకోవద్దు. పన్నెండు రోజుల లెక్క మొత్తం ప్రయాణానికి మాత్రమే. ఈ ఓడ విహారయాత్ర కోసం పుట్టింది కాదు, టపా చేరవేయడానికి పుట్టింది. ఒకప్పుడు ఇదే తీరంలోని ట్రోండ్‌హైమ్‌లో వేసిన ఉత్తరం ఉత్తరాన ఉన్న హామర్‌ఫెస్ట్ చేరడానికి వేసవిలో మూడు వారాలు, శీతాకాలంలో అయిదు నెలల దాకా పట్టేది. రాళ్లూ దీవులూ నిండిన ఆ తీరంలో రాత్రిపూట ఓడ నడపడం అసాధ్యమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, దిక్సూచి దిశలనూ ప్రయాణ సమయాలనూ ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న రిచర్డ్ విత్ అనే కెప్టెన్ 1893 జులై 2న ‘వెస్టెరాలెన్’ అనే ఆవిరి ఓడతో ఈ సర్వీసు ప్రారంభించారు. నేటికీ ఇది 34 రేవుల్లో ఆగుతూ, సరుకులూ స్థానిక ప్రయాణికులతో సాగే సర్వీసే. కనుక మన బస్సుల్లో లాగే మీకు కావలసిన రేవులో ఎక్కి, కావలసిన రేవులో దిగి, అంతమేరకే టికెట్టు తీసుకోవచ్చు.

మీకు నా సలహా ఇది. ఓస్లో నుంచి విమానంలో ఉత్తరాన ఉన్న ట్రోమ్సో రేవుపట్నం చేరుకుని, అక్కడ దక్షిణానికి వెళ్లే ఓడ ఎక్కండి. అది బయలుదేరేది అర్ధరాత్రి దాటాక, ఒకటిన్నర ప్రాంతంలో. అయినా కంగారుపడకండి, జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో లోఫోటెన్ దీవుల్లోని స్వోల్వేర్‌లో దిగిపోండి. స్వోల్వేర్ దాటాక వచ్చే వెస్ట్‌ఫియోర్డ్ విశాలమైన జలాలు. గాలి రేగితే ఓడ బాగా ఊగుతుంది. మీరు దిగేది దానికి ముందే కాబట్టి, మీ ప్రయాణమంతా దాదాపు దీవుల చాటునే సాగుతుంది. మీవారికి ఈ మాట చెప్పండి. తిరుగు ప్రయాణానికి స్వోల్వేర్ నుంచి బూడోకు చిన్న విమానం ఉంటుంది, అక్కడి నుంచి ఓస్లోకు వెళ్లవచ్చు.

ఈ దారిలో రెండుచోట్ల మాత్రం తప్పకుండా పైడెక్ మీద ఉండండి. ఉదయం హార్‌స్టాడ్ దాటిన తరువాత, ఓడల కోసమే తవ్వించి 1922లో తెరిచిన రిసోయ్ కాలువ వస్తుంది. ఇక్కడ అంత పెద్ద ఓడ వేగం తగ్గించి, నీటిలో పాతిన గుర్తుకర్రల నడుమ మెల్లగా కదులుతుంది. పక్కకు వంగి చూస్తే లేత ఆకుపచ్చ నీటి అడుగున ఇసుక కనిపిస్తుంది. రెండవది సాయంత్రం, రాఫ్ట్‌సుండ్ జలసంధిలోని ట్రోల్‌ఫియోర్డ్ అనే, కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఇరుకైన సముద్రపు పాయ. దాని ముఖద్వారం వెడల్పు సుమారు 100 మీటర్లు. వాతావరణం అనుకూలిస్తే ఓడ లోపలికి వెళ్లి, కొండల నడుమ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి బయటికి వస్తుంది. రెండు వైపులా నిలువుగా లేచిన బండల మీదుగా జారే నీటి ధారలు చేతికి అందేంత దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తాయి. ఈ ఒక్క దృశ్యం కోసం అంత దూరం వెళ్లవచ్చునని నా గట్టి నమ్మకం.

కొద్ది దూరానికి క్యాబిన్ తప్పనిసరి కాదంటారు గాని, మీ వయసుకు తీసుకోవడమే మంచిది. కిటికీ తెర పూర్తిగా వేసుకుంటేనే నిద్ర పడుతుంది. శాకాహారులైతే ఆ సంగతి బుకింగ్ సమయంలోనే తెలియజేయండి. జూన్ అయినా డెక్ మీద చలిగాలి కోస్తుంది కాబట్టి స్వెట్టరు, మఫ్లరు, గాలి ఆపే కోటు చేతిసంచిలోనే ఉంచుకోండి. చిన్న రేవుల్లో ఓడ పావుగంటకు మించి ఆగకపోవచ్చు, ఎవరి కోసమూ వేచి ఉండదు. అక్కడ కిందికి దిగకుండా, ఫోర్క్‌లిఫ్టులు ఓడ పక్క తలుపులోంచి సరుకు దించుతుంటే పైనుంచే చూడండి.