చెరువు అడుగు బురదలో పాత నీటి ఆనవాళ్లు

ప్రశ్న: చెరువు అడుగు మట్టిలోని నాచు పెంకులను చూసి వందేళ్ల కిందటి నీరు ఎలా ఉండేదో చెప్పవచ్చని చదివాను. ఎలా చేస్తారు? మా ఊరి చెరువులోనూ వీలవుతుందా?
– బోటనీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు చదివిన నాచు డయాటమ్. దాని పెంకు సిలికాది కాబట్టి కణం చచ్చినా కుళ్లిపోదు. ఒక్కో జాతికి ఒక్కో రకం నీళ్లు పడతాయి. ఏ పొరలో ఏ జాతి ఎంతుందో లెక్కిస్తే అప్పటి నీటి గుణం తెలుస్తుంది. స్కాట్లండ్‌లో రౌండ్ లోఖ్ ఆఫ్ గ్లెన్‌హెడ్ సరస్సు గుట్టు ఇలాగే బయటపడింది. 1850 ప్రాంతం నుంచి ఆమ్లాన్ని తట్టుకునే జాతులు పెరుగుతూ వచ్చాయి. నీటి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.5 దగ్గర నుంచి 5 కన్నా కిందికి జారింది. కొత్తగా నాటిన అడవి వల్లే నీరు ఆమ్లంగా మారుతుందని కొందరు వాదించేవారు. ఇక్కడ చుట్టూ కొత్తగా అడవి నాటలేదు కనుక ఆ నెపం చెల్లలేదు. పై పొరల్లో బొగ్గు మసి రేణువులూ దొరికాయి, అంటే బొగ్గు పొగ తెచ్చిన ఆమ్ల వర్షమే కారణమన్నమాట.

గొట్టంతో తీసిన బురదను నిలువుగానే ఉంచి, ఒడ్డునే సెంటీమీటరు చొప్పున కోయాలి. గొట్టానికి రాసుకున్న అంచు చెక్కేయండి, పై బురద కిందికి పాకేది అక్కడే. ఎండు మట్టి 0.1 గ్రాము చాలు. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి రాత్రంతా చల్లగా వదిలి, మర్నాడు వేడినీటి తొట్టిలో పెట్టండి. వెంటనే వేడిచేస్తే నురగ పొంగి నమూనా పోతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు కడగాలి. ప్రతిసారీ రాత్రంతా తేరనివ్వండి. సెంట్రిఫ్యూజ్ జోరుగా తిప్పితే సన్నని పొడుగు పెంకులు విరుగుతాయి. కవర్‌స్లిప్ మీది చుక్క గది వేడికే ఆరాలి. స్లైడ్‌కు అతికించడానికి మామూలుగా వాడే కెనడా బాల్సమ్ జిగురులో పెంకు గీతలు సరిగా కనిపించవు, కాంతిని ఎక్కువగా వంచే నాఫ్రాక్స్ జిగురు వాడండి. వెయ్యి రెట్ల ఆయిల్ లెన్స్ కింద పొరకు 300 నుంచి 500 పెంకులు లెక్కించాలి.

మీ చెరువు సంగతికొస్తే, లెక్కింపుకన్నా ముందు లెడ్-210 (రేడియోధార్మిక సీసం) పరీక్ష చేయించండి. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 22 ఏళ్లు. నూటయాభై ఏళ్ల దాకా పొరల వయసు చెబుతుంది. లోతుకు పోయేకొద్దీ విలువ క్రమంగా తగ్గితే పొరలు చెదరలేదన్న నమ్మకం కుదురుతుంది. పైనుంచి చాలా లోతు దాకా ఒకేలా ఉంటే మాత్రం బురద కలిసిపోయిందనే అనుమానించాలి, అక్కడ నెలల తరబడి పెంకులు లెక్కించడం వృథా శ్రమ. ఎండాకాలంలో నెర్రెలిచ్చే చెరువుల్లో, గేదెలు దిగే ఒడ్డుల్లో ఇదే జరుగుతుంది. పూడిక ఎప్పుడెప్పుడు తీశారో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తీసి ఉంటే ఆ పై పొరలు పొలాలకు చేరిపోయాయి. క్షారం ఎక్కువున్న నీటిలో పలుచని పెంకులు ముందు కరుగుతాయి. మందపాటివే మిగిలితే ఆ జాతే అప్పట్లో ఎక్కువని పొరబడతాం. పెంకుల అంచులు అరిగాయేమో చూసి, అరిగినవాటిని విడిగా లెక్క రాసుకోండి.