జాజ్ పియానిస్టుతో ఆల్బమ్ చేస్తే ప్రొడ్యూసర్‌కి పనేముంటుంది?

"ఆయన వాయిస్తాడు, ఇంజనీర్ రికార్డ్ చేస్తాడు, మధ్యలో ప్రొడ్యూసర్ ఎందుకు?" అన్నది మీ ప్రశ్న. మా బావ ప్రతి సంక్రాంతికీ నన్ను ఇదే అడుగుతాడు, ఇంకాస్త మొహమాటం లేకుండా. నేను చెన్నైలో చాలాకాలం సినిమా రీరికార్డింగుల్లో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా చిన్న ఆల్బమ్‌లు చేస్తున్నాను. వాటిలో ఒకటి జాజ్ ట్రయో: పియానో, డబుల్ బాస్ (నిలబడి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, ఇకమీదట బాస్ అంటే అదే), డ్రమ్స్. దాని సంగతే చెబుతాను.

పియానిస్టు మద్రాసు ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. పేరు రాయను, రాస్తే ఊరుకోడు. జీవితమంతా హోటళ్ళలో వాయించాడు. భోంచేసేవాళ్ళు వింటున్నారో లేదో పట్టించుకోకపోవడం ఆయనకు అలవాటు. అలాంటి మనిషి ముందు అద్దం వెనక నలుగురం చెవులు రిక్కించుకుని కూర్చుంటే బిగుసుకుపోడా?

వడపళని దగ్గర గ్రాండ్ పియానో ఉన్న స్టూడియో ఒకటి దొరికింది. పియానో మీద పూలకుండీ పెట్టిన మరక కూడా ఉంది. లోపల రెండొందల పైచిలుకు తీగలుంటాయి. చెన్నై తేమకు చెక్క ఉబ్బితే శ్రుతి పైకి పోతుంది, ఏసీ వేసి గది ఆరబెడితే కిందికి దిగుతుంది. ట్యూనింగ్ సంగతి ఎత్తితే ఓనర్లందరిదీ ఒకటే మాట: "మొన్ననే చేయించాం సార్." ఆ మొన్న ఏ సంవత్సరంలోదో మాత్రం చెప్పరు. అందుకే బడ్జెట్‌లో నేను మొదట రాసుకున్న ఖర్చు ట్యూనర్‌దే. సెషన్ అయ్యేదాకా ఆయన్ను అక్కడే కూర్చోబెట్టుకున్నాను.

పెద్దాయన వచ్చేసరికి ఇంజనీర్ అంతా సిద్ధం చేశాడు. బాస్ ఒక గాజుగదిలో, డ్రమ్స్ ఇంకో గదిలో, పియానో బయట, స్టాండు మీద హెడ్‌ఫోన్లు. పెద్దాయన ఆ హెడ్‌ఫోన్లు తీసి కుర్చీ కింద పెట్టేశాడు. "వాణ్ణి అక్కడ అక్వేరియంలో చేపలా పెట్టారేంటి? వాడి చెయ్యి కనపడకపోతే నేనెలా వాయించాలి?" అన్నాడు.

"ఒకే గదిలో కూర్చుంటే బాస్ శబ్దం పియానో మైకుల్లోకి వచ్చేస్తుంది సార్, తర్వాత ఒక్క నోటు కూడా సరిచెయ్యలేం" అన్నాడు ఇంజనీర్. కుర్రవాడు చెప్పింది అబద్ధం కాదు. పెద్దాయన మాత్రం, "సరిచెయ్యాల్సి వస్తే మళ్ళీ వాయిస్తాం బాబూ" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. కాల్షీట్ నడుస్తోంది, గంటకింత అని మీటరు తిరుగుతోంది. అందర్నీ బయటికి తెచ్చేయమన్నాను. బాస్ వాయించే కుర్రాణ్ణి పియానో ఒంపు దగ్గర నిలబెట్టాం. పియానో మూతను పొట్టి కర్ర మీద ఆపి, డ్రమ్స్ వైపు మా ఇంటి బొంతలు కప్పాం. చప్పుడు తగ్గేలా డ్రమ్మర్‌ను కర్రలు పక్కన పెట్టి సన్నతీగల బ్రష్‌లు పట్టుకోమన్నాం. అమెరికాలో, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ అనే రికార్డింగ్ ఇంజనీర్ తన తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే స్టూడియో పెట్టుకుని 1959 దాకా ఎన్ని గొప్ప జాజ్ రికార్డులు చేశాడో తెలిస్తే ఈ గాజుగదుల మీద ఇంత భక్తి ఉండదు.

ఒక స్లో పాట మొదలైంది. 32 బార్ల పాట (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది). 8 బార్ల పల్లవి రెండుసార్లు, తర్వాత బ్రిడ్జి అనే వేరే వరస, మళ్ళీ పల్లవి. పియానో సోలో మంచి ఊపులో ఉండగా బాస్ కుర్రాడు లెక్క తప్పాడు. రెండో పల్లవి మింగేసి 8 బార్లు ముందే బ్రిడ్జిలోకి వెళ్ళిపోయాడు. ఇంజనీర్ చెయ్యి టాక్‌బ్యాక్ బటన్ మీదికి పోయింది, అది నొక్కితే మా మాట లోపల వాయించేవాళ్ళకు వినపడుతుంది, పాట ఆగిపోతుంది. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. ప్రొడ్యూసర్ పనేంటని అడిగారు కదా, చాలావరకు ఇదే.

పెద్దాయన కుర్రాడి వైపు ఒక్క చూపు చూశాడు. ఎడమ చేత్తో కలిపి నొక్కబోతున్న స్వరాలను మధ్యలోనే మార్చి, తనూ బ్రిడ్జిలోకి దిగిపోయాడు. డ్రమ్మర్ కూడా వెంటే వచ్చాడు. మొదట్నుంచీ అనుకునే చేసినట్టుంది. పైగా ఆ మలుపు తర్వాత పెద్దాయన వాయించింది అంతవరకూ ఆ స్టూడియోలో వాయించలేదు.

పాట అయ్యాక కుర్రాడు తల పట్టుకున్నాడు. "ఇంకొకటి సార్, ప్లీజ్." సరే అన్నాం. రెండో టేక్‌లో అన్ని బార్లూ లెక్కగా ఉన్నాయి. వినడానికి మాత్రం ఏమీ లేదు. నేను తప్పున్నదే ఉంచుతానన్నాను. కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. అతని బాధ వేరే. సినిమా రికార్డింగులకు పిలిచే అరేంజర్లు అది విని "వీడికి లెక్క రాదు" అనుకుంటే అతని పొట్ట మీద దెబ్బే. మీరే చెప్పండి సార్ అని పెద్దాయన్ను అడిగాను. "నేను వాయించేశాను. ఏది ఉంచాలో చూసుకోవడం నీ పని" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తప్పున్నదే ఆల్బమ్‌లోకి వెళ్ళింది.

జాజ్‌లోనూ ముక్కలు అతికించారు కదా అని ఈపాటికి ఎవరో ఒకరు మాంక్ సంగతి ఎత్తుతారు. 1956 అక్టోబరులో న్యూయార్క్‌లో జాజ్ పియానిస్టు థెలోనియస్ మాంక్ 'బ్రిలియంట్ కార్నర్స్' అనే పాట రికార్డ్ చేస్తుంటే, శాక్సోఫోన్ మీద సోనీ రోలిన్స్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్ లాంటి ఉద్దండులు ఉండి కూడా 25 టేకుల్లో ఒక్కటీ పూర్తి కాలేదు. నిర్మాత ఒరిన్ కీప్‌న్యూస్ టేపు ముక్కలు కోసి అతికించాడు. నిజమే. అయితే ఆ ముక్కలు ఒక గదిలో ఒకరి మొహం ఒకరు చూస్తూ వాయించినవి. మన సినిమావాళ్ళలా చెవిలో క్లిక్ (లయ తప్పకుండా కొట్టే టిక్ టిక్) పెట్టుకుని సోమవారం ఒకడు, గురువారం ఇంకొకడు వచ్చి వాయించి పోయినవి కావు. క్లిక్‌కు అలవాటుపడినవాడికి జాజ్ రాదు. నేను చూసినంతలో ఒక్కడికీ రాలేదు.

అదే కీప్‌న్యూస్ 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానిస్టు బిల్ ఎవాన్స్ ట్రయోను జనం ముందే రికార్డ్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం, రాత్రి కలిపి అయిదు విడతలు వాయించారు. గ్లాసుల చప్పుడు, జనం మాటలు అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పాట మొదటి టేకులోనే కరెంటు పోయింది, ఆ తెగిన ముక్కతో సహా 2005లో పూర్తి సెట్‌గా వేశారు. బాస్ వాయించిన స్కాట్ లఫారో 11 రోజుల తర్వాత కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళకే. మొదట వేసిన రికార్డుకు పాటలు ఎంచేటప్పుడు అతని వాయిద్యం బాగా వినిపించేవే ఏరారు. పియానిస్టు పేరుతో వచ్చే రికార్డుకు బాసిస్టును చూసి పాటలు ఎంచడం! బటన్ నొక్కడం వచ్చినంత మాత్రాన ఆ పని రాదు.

ఇప్పుడేమో స్ట్రీమింగ్ యాప్‌లలో బాస్ ఎవరు వాయించారో వెతుక్కోవాలి. మా ఆల్బమ్‌కు డబ్బు పెడతానని వచ్చిన ఒకాయన ట్రయో అంతా విని, "బానే ఉంది, కొంచెం మృదంగం వేసి ఫ్యూజన్ చేద్దామా?" అన్నాడు. మృదంగం మీద నాకు కోపం లేదు. కానీ పెద్దాయన ఆరోజు వాయించిన దాంట్లో ఇంకొకళ్ళు దూరడానికి చోటు లేదు. ఆ మాటే చెప్పాను, ఆయన లేచి వెళ్ళిపోయాడు, మిగతా డబ్బు మా ఆవిడ గాజుల మీద తెచ్చాను.

బాస్ కుర్రాడు ఇప్పుడు బిజీగానే ఉన్నాడు. ఎక్కడ కనపడ్డా మొదటి మాట అదే: "సార్, ఆ ట్రాక్ తీసేశారా?"

తియ్యలేదు.