పాత జింకు బ్లాకులతో లెటర్‌హెడ్లు వేసుకోవచ్చా?

తాతగారి ప్రెస్సు గదిలో చెక్కకు బిగించిన జింకు బ్లాకులు (బొమ్మ ఉబ్బెత్తుగా ఉండే అచ్చు దిమ్మలు) దొరికాయని, తెల్లటి పొడి పట్టి ఉన్నాయని, వాటిని బాగుచేసి లెటర్‌హెడ్లు, కార్డులు వేసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా వేసుకోవచ్చండి. కానీ చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ మాత్రం వాటి దగ్గరకు రానివ్వకండి.

తెనాలిలో మా నాన్నగారికి ట్రెడిల్ ప్రెస్సు, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం, ఉండేది. ఆయన పోయాక, శుభలేఖల మీద వేసే వినాయకుడి బ్లాకుకు ఇత్తడి బిందెకు పట్టించినట్టు చింతపండు గుజ్జు పట్టించి రాత్రంతా వదిలేశాను. పొద్దున కడిగి చూస్తే తొండం మీది సన్న గీతలు చాలావరకు పోయాయి. అసలు ఆ బ్లాకు తయారయ్యేదే యాసిడ్‌తో. బొమ్మ ఉన్నంత మేర పూత వేసి, మిగతా జింకును నైట్రిక్ యాసిడ్‌తో కరిగిస్తారు. ఇప్పుడా పూత ఉండదు కాబట్టి పులుపు తగిలితే కరిగేది బొమ్మే. ఆ బ్లాకు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మిగతా వాటికి కిరోసిన్ వాడాను. దొరక్కపోతే పెయింట్ షాపులో టర్పెంటైన్ అడగండి. గుడ్డ తడిపి అరగంట కప్పి ఉంచితే గీతల మధ్య ఎండిపోయిన ఇంకు మెత్తబడుతుంది. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తోమాలి. నీళ్లలో నానబెట్టకండి, చెక్క ఉబ్బి మేకులు లేస్తాయి. లేచిన మేకు కూడా కాగితం మీద నల్ల చుక్కగా అచ్చవుతుంది. తళతళలాడేదాకా రుద్దక్కర్లేదు. మచ్చ ఉన్నా ఇంకు పడుతుంది.

అచ్చు సరిగా రాకపోతే ముందు ఎత్తు చూడండి. బ్లాకు, చెక్క కలిపి 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు ఉండాలి. నా తామరపువ్వు బ్లాకులో ఎడమవైపు రెండు రేకులు ఎంతకీ పడలేదు. వెర్నియర్‌తో కొలిస్తే ఆ మూల చెక్క కుంచించుకుపోయింది. అడుగున పల్చటి కాగితం మూడు పొరలు అంటించాక రెండు రేకులూ నిండుగా వచ్చాయి. ఆ సంతోషం ఇంతా అంతా కాదు!

ఇప్పుడు అందరూ అచ్చు వేలికి తగిలేంత లోతుగా దిగాలంటున్నారు. నాన్నగారి దగ్గర కాగితం వెనక గుంట తెలిస్తే అది తప్పు కిందే లెక్క. నాకూ ఆ పద్ధతే ఇష్టం. లోతు కావాలనుకుంటే కొత్తగా పాలిమర్ ప్లేటు (ప్లాస్టిక్ లాంటి అచ్చు పలక) చేయించుకోండి. పేరు, అడ్రసు కూర్చే సీసం అక్షరాలు మెత్తన, ఆ ఒత్తిడికి నలిగిపోతాయి. వాటి మీద తెల్ల పొడి ఉంటే ఊదకండి, అది విషం. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మెషిన్ కోసం దిగులు పడకండి. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, కార్డులకు మడత గీతలు కొట్టడానికి ట్రెడిల్ ఉంచుకున్న ప్రెస్సులు ఇంకా ఉన్నాయి. ఇంకు పూసే రోలర్లు గట్టిపడిపోలేదని చూసుకుని, ముందు నాలుగు ప్రూఫులు (నమూనా అచ్చులు) తీయించండి.