విప్పి బిగించుకోవడానికి పాత కారు: ఏం చూసి కొనాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: రోజూ తిరగడానికి ఒక కారుంది. మరమ్మతు పని నేర్చుకోవడానికి చౌకలో రెండో కారు కొనొచ్చా? కొంటే దేనితో మొదలుపెట్టాలి?

కొనొచ్చు. అసలు సుఖమంతా అది రెండో కారు కావడంలోనే ఉంది. బోల్టు విరిగినా, గ్యాస్కెట్ దొరక్కపోయినా రేపటి ప్రయాణం ఆగదు. తొందర లేనప్పుడే పని చేతికొస్తుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న కారైతే ఇంకా మంచిది, కంప్యూటర్ జోలికి పోకుండా చాలా తప్పుల్ని కంటితోనే పట్టుకోవచ్చు.

కొనేటప్పుడు ఇంజిన్ కంటే ముందు తుప్పు చూడండి. అరిగిన ఇంజిన్‌ని బాగుచేసుకోవచ్చు, సస్పెన్షన్ బిగించే చోట రేకు తినేస్తే అది వెల్డింగు పని. కార్పెట్ ఎత్తి, కింద ఫ్లోర్‌ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే అనుమానించండి.

మొదటి పని బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. అందుకే పాతదంతా తీసేసి, కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయండి. బ్రేకు గొట్టాల్లోని గాలి తీసేటప్పుడు చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే భాగం) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, మాన్యువల్ వేరేలా చెబితే దాన్నే పాటించండి. ఈలోగా ఆ డబ్బా ఖాళీ అయితే గాలి చొరబడి పనంతా మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది చేసే తప్పు ఇంకోటుంది: పెడల్‌ని నేలకంటా తొక్కడం. మాస్టర్ సిలిండర్ లోపల రోజూ సీలు తిరగని ఆ చివర తుప్పు పేరుకుని ఉంటుంది, అక్కడిదాకా తోస్తే సీలు చిరుగుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టుకోండి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ఇక జాకీ ఎత్తడానికే, కారు కింద దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు. ఇంజిన్ చల్లారాకే విప్పండి, వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి. ప్లగ్గు కొన లేత గోధుమరంగుంటే బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా కాలితే తక్కువవుతోంది. తడి నూనె కనిపిస్తే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో పోయాయి.

ఏది పోయిందో కొంతవరకు తేల్చడానికి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఉంది. ప్లగ్గులన్నీ తీసి, స్పార్క్ రాకుండా కాయిల్ వైరు పీకి, ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో ఇంజిన్‌ని ఐదారు సార్లు తిప్పండి. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో.

పాయింట్ల కారుకు (స్పార్క్ కోసం డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చే పాయింట్లు) ఆ పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, మాన్యువల్‌లో కచ్చితమైన అంకె చూడండి. పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడుతుంది, బండి బరువుగా లాగుతుంది. అది చూసి కార్బురేటర్ స్క్రూలు తిప్పేస్తారు! ఇగ్నిషన్ సరిచేశాకే కార్బురేటర్ ముట్టుకోండి, అదీ ఒకసారికి ఒక్క మార్పే. స్క్రూ తిప్పేముందు, పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పడుతుందో రాసుకోండి.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దు. ఆయిల్ సరిగా వేడెక్కక లోపలి తేమ అలాగే మిగులుతుంది, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి నురగ కనిపిస్తుంది. తీస్తే ఓ అరగంట రోడ్డు మీద తిప్పండి, లేదంటే బ్యాటరీ తీగ విప్పేసి వదిలేయండి.