వడ్రంగంలో ఎక్కడ నిదానించాలి

చిరంజీవికి ఆశీస్సులు.

చేయి సాగడం మొదలయ్యాక వేగం మీద మోజు కలగడం సహజం. నీ చేతిలో ఉలి ఇప్పుడు తడబడడం లేదు కనుక, ఈ మాటలు చెప్పడానికి ఇదే తగిన సమయమనిపించి రాస్తున్నాను. నిదానమే ప్రధానమని అందరూ అంటారు గాని, ఏ చోట నిదానించాలో చెప్పకపోతే పని నేర్చుకునేవారికి ఆ మాట అక్కరకు రాదు.

అన్నిటికంటే ముందు కొయ్య ఆరాలి. పచ్చి చెక్కను నీడలో గాలికి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు 1 సంవత్సరం పడుతుందని పనివారి లెక్క. చెట్టు జాతిని బట్టి, వాతావరణాన్ని బట్టి అది మారుతుంది. ఆరిన తర్వాత కూడా కొయ్య ఊరుకోదు. గాలిలో తేమ పెరిగితే వెడల్పువైపు ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, పొడవువైపు మాత్రం దాదాపు మారదు. అందుకే తలుపు చట్రంలోని పలకను గాడిలో జిగురు పెట్టకుండా, కదలడానికి కాస్త చోటు వదిలి కూర్చాలి. జిగురుతో బిగించి త్వరగా ముగించిన తలుపు ఆ రోజుకు ముచ్చటగానే ఉంటుంది. రుతువు మారాక పలక నడుమ చీలితే, ఆ నింద కొయ్యది కాదు, పనివాడిది.

సాన పట్టడానికి వెచ్చించే సమయాన్ని వృథాగా భావించకు. ఉలి అంచును 25 నుంచి 30 డిగ్రీల వాలులో సాన పట్టేముందు దాని వెనుకవైపును చదును చేసి తీరాలి, ఎందుకంటే పదును ఆ రెండు ముఖాలూ కలిసేచోట పుడుతుంది. మొద్దుబారిన ఉలికి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, అప్పుడది జారి పనిని, చేతిని కూడా గాయపరుస్తుంది.

జిగురు పూసిన తర్వాత మాత్రం నిదానం పనికిరాదు. అది ఆరడం మొదలుపెట్టేలోగా అన్ని అతుకులూ కూడి, మూలలు సరిచూసి, బిగింపులు పడాలి. ఆ కొద్ది నిమిషాలు తొణకకుండా గడవాలంటే ముందే ఒకసారి జిగురు లేకుండా అన్నిటినీ కూర్చి చూసుకోవాలి. ఆ ఒక్క పని మానేసేవారే చివరికి సుత్తితో బాదుతూ కనిపిస్తారు.

గరుకు కాగితం పట్టేటప్పుడు 80 నంబరు ముతక కాగితం నుంచి నేరుగా 220 నంబరు నున్నటి కాగితానికి దూకకు. నడుమ 120, 180 వదిలేస్తే ముతక కాగితం గీసిన గీతలు అలాగే మిగిలి, వార్నిష్ పడ్డాక బయటపడతాయి. అంతకంటే ముఖ్యంగా, సొరుగు వెనుక భాగాన్నీ, బల్ల అడుగునూ ఎవరూ చూడరని వదిలివేయవద్దు. పైపలకకు పట్టినంత నునుపు అక్కడ అవసరం లేదు. కాని పెచ్చులు లేకుండా అంచుల పదును కాస్త తీసి, చేయి తగిలితే గుచ్చుకోకుండా చేయాలి. యజమాని అడగకపోయినా అంతవరకు చేయడంలో ఉన్న తృప్తి నిన్ను ఈ వృత్తిలో నిలబెడుతుందని నా నమ్మకం.

చివరిగా, అవిసె నూనె పూసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. ఎంత అలసిపోయినా వాటిని ఆరుబయట విడివిడిగా పరచి, పూర్తిగా ఆరనిచ్చిన తర్వాతే పారవేయి.